ఓవల్ మైదానానికి ఇటూ అటూ

ముంబయి చూడ్డానికి వచ్చే మనవాళ్లు గేట్‌వే దగ్గర ఫోటో దిగుతారు, తాజ్ హోటల్‌ని బయట నుంచి చూస్తారు, చీకటి పడ్డాక మెరీన్ డ్రైవ్ గట్టు మీద కాసేపు కూర్చుని టాక్సీ ఎక్కేస్తారు. వీటన్నిటి మధ్యలో ఉన్న అసలు ఊరు వాళ్ల కంట పడదు. చర్చిగేట్ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే ఓవల్ మైదానం. దానికి తూర్పున 1870లలో రాతితో కట్టిన గోపురాలు, కోణాల కమానులు, కొండముచ్చులూ చిలకలూ చెక్కిన స్తంభాలు. పడమట 1930లలో సిమెంటుతో కట్టిన, గుండ్రటి బాల్కనీల అపార్ట్‌మెంట్లు. అరవై ఏళ్ల తేడాతో కట్టిన రెండు వరసలు ఎదురెదురుగా నిలబడి ఉంటే, మధ్యలో 22 ఎకరాల పచ్చిక మీద కుర్రాళ్లు క్రికెట్ ఆడుతుంటారు. ఇలాంటి దృశ్యం ఈ దేశంలో ఇంకోచోట నాకు కనబడలేదు.

నేను ఉండేది శివారులో. పని మీద వచ్చినా, చుట్టాల్ని తిప్పడానికి వచ్చినా ఇక్కడ కాసేపు నడవకుండా వెనక్కి రైలెక్కను. నడిచిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటి ఉంది. ఈ పేట అందానికి కారణం ఇక్కడి డబ్బు కాదు. డబ్బున్న పేటలు ముంబయిలో చాలానే ఉన్నాయి, వాటిలో చాలావాటి వైపు తలెత్తి చూడబుద్ధి కాదు. ఇక్కడ ఎవరు ఎంత ఎత్తు కట్టుకోవచ్చో ముందే తేల్చేశారు. ముందున్న ఖాళీ జాగాను ఎవరికీ అమ్మకుండా వదిలేశారు. అందం అక్కణ్నుంచి వచ్చింది. ఆ రెండు పనులూ ఏ ఊరైనా చేయొచ్చు. మనం చేయడం లేదన్నదే నా బాధ.

ఆ ఖాళీ జాగా ఎలా మిగిలిందో చెప్పాలి. మైదానానికి తూర్పు పేటను ఫోర్ట్ అంటారు. ఇప్పుడు అది పేరొక్కటే కానీ ఒకప్పుడు ఇక్కడ నిజంగానే కోటగోడ ఉండేది. గోడ బయట ఫిరంగుల గురికి ఏదీ అడ్డం రాకూడదని పెద్ద మైదానం వదిలారు. 1860లలో గవర్నర్ బార్టిల్ ఫ్రియర్ గోడలు పడగొట్టించాడు. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. అక్కడి పత్తి ఇంగ్లండ్ మిల్లులకు అందక, బొంబాయి నుంచి వెళ్లే పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఊళ్లో విపరీతంగా డబ్బు చేరింది. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కుప్పకూలి ఎందరో దివాలా తీశారు కూడా. కానీ ఆలోగా ఊరికి కొత్త రూపం ఖాయమైపోయింది. పాత మైదానం ముక్కలై ఓవల్, క్రాస్, ఆజాద్, కూపరేజ్ మైదానాలుగా మిగిలింది.

ఓవల్ తూర్పు అంచున 1874లో సెక్రటేరియట్, 1878లో హైకోర్టు, వాటి మధ్య యూనివర్సిటీ హాలు, లైబ్రరీ, రాజాబాయి గడియార స్తంభం లేచాయి. అన్నీ పడమటి ముఖంగా, సముద్రం వైపు చూస్తూ ఉంటాయి. అవును, అప్పట్లో మైదానం దాటితే రైలుపట్టాలు, ఆ తర్వాత సముద్రమే.

రాజాబాయి స్తంభం ఎత్తు 85 మీటర్లు. పత్తి వ్యాపారంలో కోట్లు గడించిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ దానికోసం రెండు లక్షల రూపాయలిచ్చి, తన తల్లి పేరు పెట్టమన్నాడు. ఆవిడకు చూపు లేదనీ, జైనురాలు కాబట్టి పొద్దుగూకకముందే భోజనం ముగించాలనీ, ఆ వేళ తెలియడానికే కొడుకు గంట కట్టించాడనీ ఇక్కడ చెప్పుకుంటారు. నమూనా గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ లండన్‌లోనే ఉండి గీశాడు, బొంబాయిలో అడుగు పెట్టలేదు. కానీ మైదానంలో నిలబడి తలెత్తి చూడండి. పైన పశ్చిమ భారతానికి చెందిన కులాల, తెగల మనుషుల విగ్రహాలు ఉంటాయి. వాళ్ల తలపాగాలు, నిలబడే తీరు లండన్‌లో కూర్చున్నవాడికి తెలిసేవి కావు. ఉలి పట్టినవాడికి తెలిసినవి. సాయంత్రం ఎండ పడితే ఆ రాయి తేనెరంగు తిరుగుతుంది. స్తంభం మీదికి జనాన్ని ఎక్కనివ్వరు. ఏం ఫర్వాలేదు, దాన్ని చూడాల్సింది కింద నుంచే.

హైకోర్టు మీద చెక్కిన బొమ్మల్లో ఒంటికన్ను కోతి తక్కెడ పట్టుకుని ఉంటుందని గైడ్లు చూపిస్తుంటారు. నాకు మాత్రం అక్కడ ఎక్కువ ఆనందం ఇచ్చేది ఆ నల్లటి రాయి. వానాకాలంలో తడిసి నిగనిగలాడుతుంటే దాని పక్కన లేతరంగు చెక్కడాలు ఇంకా తేటగా కనబడతాయి.

ఇక పడమటి వైపు. ఈ వరస కట్టడానికి ముందు పెద్ద గొడవే జరిగింది. 1920లలో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో మెరీన్ డ్రైవ్ వైపున్న బ్యాక్‌బే సముద్రాన్ని పూడ్చే పని పెద్ద ఎత్తున మొదలైంది. ఖర్చు పెరిగిపోయింది, పోసిన మట్టి నిలవలేదు. ఖుర్షీద్ నరీమన్ అనే పార్సీ వకీలు ఆ కుంభకోణాన్ని బయటపెట్టాడు. తన మీద పరువునష్టం కేసు వేస్తే దాన్ని ఎదుర్కొని గెలిచాడు. నరీమన్ పాయింట్ ఆయన పేరే. చివరికి అనుకున్నదానిలో కొంతే పూడ్చారు. అప్పటిదాకా కొలాబా వరకు వెళ్లే రైలును 1930 ఆఖరుతో చర్చిగేట్ దగ్గరే ఆపేశారు. పట్టాలు తీసేసిన చోట, పూడ్చిన చోట ప్లాట్లు పడ్డాయి.

ఆ ప్లాట్లు కొన్నవాళ్లు తమకు తోచినట్టు కట్టుకోవడానికి వీల్లేకపోయింది. ఎత్తు ఇంత, ముందు గోడ ఈ గీత మీదే, పైఅంచులు పక్కవాటితో కలవాలి అన్న నిబంధనలు ఉన్నాయి. అందుకే ఓవల్ ఎదుటా, మెరీన్ డ్రైవ్ పొడవునా బిల్డింగులన్నీ ఇంచుమించు ఒకే ఎత్తున కనబడతాయి. ఆ గీత లోపల మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. ఒకరు మూల గుండ్రంగా తిప్పారు. ఒకరు మెట్లదారి పొడవునా నిలువు కిటికీ పెట్టారు. ఇంకొకరు ఓడకుండే గుండ్రటి కిటికీలు పెట్టి, బాల్కనీ గ్రిల్లులో అలలు వంచారు. 1925 పారిస్ ప్రదర్శనతో పేరు తెచ్చుకున్న ఆర్ట్ డెకో శైలి ఇది. ఇక్కడికొచ్చి మన ఎండకూ వానకూ తగ్గట్టు మారింది. పేర్లు కూడా గోడల మీద సిమెంటు అక్షరాలతో పోతపోసి ఉంటాయి: సన్‌షైన్, మూన్‌లైట్, పామ్ కోర్ట్, శివ్ శాంతి భువన్, రజ్జబ్ మహల్, స్వస్తిక్ కోర్ట్. వరసగా చదువుకుంటూ పోతే ఆనాటి బొంబాయిలో ఎవరెవరు ఇరుగుపొరుగుగా ఉండేవారో అర్థమవుతుంది.

పాలమూరు నుంచి మా చిన్నాయన వచ్చినప్పుడు ఈ వరస చూపించాను. ఆయన తాపీమేస్త్రీ. నేను పుస్తకాల్లో చదివిన శైలుల పేర్లేవీ ఆయనకు అక్కర్లేదు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కిటికీల పైనున్న సజ్జల్నే చూశాడు.

"గీ సజ్జలు జూడు బిడ్డా," అన్నాడు చివరికి. "గోడ తిరిగినకాడ గూడ సజ్జ తెగలే. ఒక్క పట్టీ లెక్క తిరిగిపోయింది. గట్ల వంపు తిప్పాలంటే సెంట్రింగ్ చెక్క ఒక్కోటి కోసి అతకాలె. ఇప్పుడైతే ఎవ్వడు జేస్తడు? ఓనరు ఆగడు, కాంట్రాక్టరు ఆగడు."

తర్వాత ఒక బిల్డింగు వాచ్‌మన్‌ని బతిమాలుకుంటే కింది హాలు వరకు రానిచ్చాడు. జాలీ తలుపుల పాత లిఫ్టు. నేలంతా మొజాయిక్. మెట్ల దగ్గర నుంచి సూర్యకిరణాల్లా రంగులు విడిపోయి గుమ్మం దాకా వస్తాయి. రంగుకీ రంగుకీ మధ్య సన్నటి ఇత్తడి పట్టీ. చిన్నాయన గొంతుక్కూర్చుని అరచేత్తో నేల నిమిరాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా పట్టీ దగ్గర గోరు తగలడం లేదన్నాడు. "రాళ్లు ఏరి, రంగు గలిపి, పోసి, నెలల పొద్దు రుద్దిన్రు. వాళ్ల పేర్లు ఏడన్న రాసిన్రా?" అని అడిగాడు. రాయలేదు. ఓనరు పేరు ఉంటుంది, కొన్నిచోట్ల ఆర్కిటెక్టు పేరు ఉంటుంది.

ఆ ప్రశ్న నాకు చాలా ముఖ్యమైనది. ఈ పేట గురించి మాట్లాడినప్పుడల్లా ఒక అభ్యంతరం వస్తుంది: ఇదంతా తెల్లవాళ్లు కట్టుకున్నది కదా, దీని మీద మనకెందుకింత ప్రేమ అని. ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. తూర్పు వరస పాలకుల దర్పం చూపించడానికి కట్టిందే. కానీ దానికి డబ్బిచ్చినవాళ్లలో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్, కావస్‌జీ జహంగీర్ లాంటి ఇక్కడివాళ్లు ఉన్నారు. పడమటి వరసకొచ్చేసరికి ఓనర్లు, అద్దెకున్నవాళ్లు, గీసినవాళ్లు కూడా ఎక్కువమంది మనవాళ్లే. చర్చిగేట్ ఎదుట 1938లో తెరిచిన ఈరోస్ సినిమాహాలు గీసింది షోరాబ్‌జీ భేద్వార్. ఈ శైలిలో ముంబయి నిండా ఇళ్లు గీసిన గజానన్ మ్హాత్రే ఇక్కడి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకున్నవాడే. స్వాతంత్ర్యానికి పదేళ్ల ముందే, మా ఇల్లు మాకు నచ్చినట్టు కొత్తగా ఉండాలని ఈ ఊరి మధ్యతరగతీ వ్యాపారులూ అనుకున్నారు. అది వలస పాలన గుర్తు కాదు, దాని నుంచి బయటపడుతున్న రోజుల గుర్తు.

ఇంకో సంగతి ఉంది, అది మనకు సంబంధించినది. నిజాం రాజ్యం నుంచి, అంటే ఇప్పటి తెలంగాణ పల్లెల నుంచి బొంబాయికి వలసవచ్చిన తెలుగు కూలీలను ఇక్కడ కామాఠీలన్నారు. ఊరు కట్టే పనుల్లో రాళ్లు మోసి, పునాదులు తవ్వి, సున్నం కలిపినవాళ్లలో వాళ్లది పెద్ద భాగం. కామాఠీపురా అన్న పేటకు పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఈ రోజు ఆ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది వేరు, అది నాకు ఎప్పుడూ మనసుకు కష్టంగానే ఉంటుంది. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. కులవివక్ష మీద పోరాడటానికి జోతిరావు ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఏ గోడ ఎవరి చేతిమీదుగా లేచిందో విడదీసి చెప్పలేం. కానీ ఈ ఊరి రాతిపని అంతటినీ ఇంగ్లీషువాళ్ల ఖాతాలో రాసేస్తే ఆ మనుషులకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఓవల్ ఎదుట ఫ్లాటు కోట్లు పలుకుతుంది, బాల్కనీలో కూర్చునేవాళ్ల సుఖం కోసం మనమెందుకు పోరాడాలి? నా జవాబు మైదానమే. ఆదివారం పొద్దున వెళ్లి చూడండి. ఎన్ని మ్యాచులు ఒకేసారి నడుస్తున్నాయో లెక్క తేలదు. ఒక ఆటలో స్లిప్‌లో నిలబడినవాడు పక్క ఆట బౌలర్‌కి దారి వదులుతూ ఉంటాడు. తెల్ల ప్యాంటు వేసుకున్న అకాడమీ పిల్లలూ, చెప్పులు వికెట్లుగా పెట్టుకున్న పిల్లలూ ఒకే పచ్చిక మీద ఉంటారు. మైదానం మధ్య నుంచి పోయే కాలిబాట మీద లోకల్ రైలు దిగిన గుమాస్తాలు, కోర్టు కక్షిదారులు, లాయర్లు, టిఫిన్ డబ్బాల వాళ్లు, కాలేజీ అమ్మాయిలు పోతుంటారు. ఇటు గోపురాలు, అటు బాల్కనీలు రెండూ ఒకేసారి కనబడేది ఆ బాట మీద నడిచేవాళ్లకే. కోట్లు పెట్టి బాల్కనీ కొన్నవాడికి తన వరస కనబడదు, ఎదుటి వరసే కనబడుతుంది. ఈ పేటలో అన్నిటికన్నా మంచి చోటుకి టికెట్టు లేదు.

అది దానంతటది నిలవలేదు. ఒక దశలో ఓవల్ చెత్తతో, పట్టించుకునేవాడు లేక పాడుపడింది. 1990లలో చుట్టుపక్కల ఉండేవాళ్లు సంఘంగా ఏర్పడి, కోర్టుకు వెళ్లి, మైదానం బాగోగులు తమ చేతికి తీసుకున్నారు. 1995లో ముంబయికి వారసత్వ కట్టడాల నిబంధనలు వచ్చాయి. దేశంలో ఒక నగరానికి అలాంటివి రావడం అదే మొదలు. ఆ తర్వాత ఈ రెండు వరసల్నీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది కూడా స్థానికులే. ఆర్కిటెక్ట్ ఆభా నారాయణ్ లాంబా తయారుచేసిన దస్త్రంతో 2018లో యునెస్కో ఒప్పుకుంది. మొత్తం 94 కట్టడాలు. గమనించాల్సిందేమిటంటే, ఒక్కో బిల్డింగుకు విడివిడిగా కాదు, మధ్య మైదానంతో సహా ఆ సముదాయానికి గుర్తింపు వచ్చింది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన సిమెంటు పాడవడం ఆగదు. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పైన పెచ్చులు ఊడతాయి. మెరీన్ డ్రైవ్ మీద నడుస్తూ బాల్కనీల అడుగు భాగం చూడండి, చువ్వలు బయటపడ్డ చోట్లు కనబడతాయి. చాలా ఇళ్లకు పాతకాలం అద్దెలే నడుస్తున్నాయి. 1947 నాటి అద్దె చట్టం వల్ల అద్దె పెంచడానికి వీల్లేకపోయింది, వచ్చే అద్దె రంగు వేయించడానికి కూడా చాలదు. ఓనరు చేయించడు, అద్దెకున్నవాళ్లు చేయించుకోవడమూ తేలిక కాదు. ఎవరినీ తప్పుపట్టి ప్రయోజనం లేని చిక్కు ఇది. ప్రభుత్వం మరమ్మతులకు డబ్బో, పన్ను రాయితీయో ఇవ్వకుండా కాపాడమని మాత్రం చెబితే కుదరదని నా ఉద్దేశం.

ఆ నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో చూడాలంటే కాలాఘోడా వైపు రండి. డేవిడ్ సాసూన్ లైబ్రరీ, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, సందులో నీలిరంగు యూదుల ప్రార్థనా మందిరం, అన్నీ చక్కగా ఉన్నాయి. మందిరాన్ని 2019లో చాలా శ్రద్ధగా బాగుచేశారు. వాటికి కూతవేటు దూరంలోనే ఎస్‌ప్లనేడ్ మాన్షన్ ఉంది. అది ఒకప్పటి వాట్సన్ హోటల్. ఇనుప చట్రమంతా ఇంగ్లండ్‌లో పోతపోసి, ఓడల మీద తెచ్చి 1860లలో ఇక్కడ బిగించారు. 1896 జులై 7న లూమియేర్ సోదరుల కదిలే బొమ్మల్ని ఈ దేశంలో మొదటిసారి చూపించింది అందులోనే. మన సినిమాకు పుట్టినిల్లు అనదగ్గ ఆ చోటు గదులు గదులుగా చీలి, కొయ్య బాల్కనీలు విరిగి, చివరికి 2019లో లోపలివాళ్లందరినీ ఖాళీ చేయించారు. సినిమాను ప్రాణంగా చూసుకునే తెలుగువాళ్లం ఒక్కసారి వెళ్లి దాని ముందు నిలబడాలి.

సాయంత్రానికి మెరీన్ డ్రైవ్. అందరూ దీపాల వంపు గురించి చెబుతారు కాబట్టి నేను చెప్పను. గట్టు మీద కూర్చున్నాక సముద్రానికి వీపు పెట్టి వెనక్కి తిరగండి. ఒకే ఎత్తున, క్రీమ్ రంగు బిల్డింగులు, వంపు తిరిగిన రోడ్డు వెంట అవీ తిరుగుతూ పోతాయి. మూలమీదున్న సూనా మహల్ 1937 నాటిది. అక్కణ్నుంచి చూపు దక్షిణానికి, నరీమన్ పాయింట్ టవర్ల మీదికి జరపండి. అదీ పూడ్చిన నేలే, అదీ అదే సముద్రం, డబ్బు ఇంకా ఎక్కువ. కానీ ఒక టవరుకీ పక్క టవరుకీ పొత్తు లేదు. ఒకటి మరొకదాని గాలినీ వెలుగునూ ఆపుకుంటూ నిలబడ్డాయి. చిన్నాయన ఆ రెండింటినీ చూసి, "గక్కడ ఒక్కటి గూడ పక్కదాన్ని మించలే, గిక్కడ ఒక్కటి గూడ పక్కదాన్ని జూడలే" అన్నాడు. నేను ఇన్ని పేరాల్లో చెప్పినదాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

హైదరాబాద్ సంగతి ఎత్తకుండా ఉండలేను. ముంబయికి వారసత్వ నిబంధనలు వచ్చిన 1995లోనే మనకూ వచ్చాయి. హుడా, అంటే అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన అది. ముంబయి వాటిని పట్టుకుని యునెస్కో దాకా వెళ్లింది. మనం 2015లో 13వ నిబంధనను తీసేశాం. 2017లో వేరే చట్టం వచ్చింది. అయినా ఇర్రం మంజిల్ అనే పాత నవాబుల ప్యాలెస్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వమే నిర్ణయించింది, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆపాల్సి వచ్చింది. పని చేయలేమని కాదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను 2020 నాటికి ఎంత బాగా బాగుచేశామో అందరం చూశాం. కానీ ఒక్కో కట్టడాన్ని విడిగా మెరుగుపెట్టి, దాని చుట్టూ ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లని కట్టుకోనిస్తే పేట మిగలదు. కాపాడాల్సింది వరసని, వీధి వెడల్పుని, ఎదుటి చెట్లని.

హిమాయత్‌నగర్, నారాయణగూడ, కింగ్‌కోఠి సందుల్లో ఇప్పటికీ గుండ్రటి బాల్కనీలతో, వంపు సజ్జలతో, సూర్యకిరణాల గేట్లతో ఆ కాలపు ఇళ్లు కొన్ని ఉన్నాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి. వాటికి వీధివారీగా ఒక జాబితా కావాలి. ముంబయిలో ఆర్ట్ డెకో ఇళ్ల జాబితా రాయడం మొదలుపెట్టింది సర్కారు కాదు, ఆ ఇళ్లలో ఉండేవాళ్లూ వాటి మీద ఇష్టం ఉన్నవాళ్లూ. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే అడిగి లోపలికి వెళ్లండి. సజ్జలు, గ్రిల్లు, మెట్లు, మొజాయిక్ ఫోటో తీయండి. ఏ ఏడాది కట్టారో, ఏ మేస్త్రీ కట్టాడో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి, మేస్త్రీ పేరు మాత్రం వదిలేయకండి.